స్ట్ర్‌కాపీ మానేశాను, అయినా పేర్లు అతుక్కుంటున్నాయి

ప్రశ్న: నేను సీ భాష నేర్చుకుని ఏడాది దాటింది. ఉద్యోగుల వివరాలు దాచే చిన్న ప్రోగ్రామ్ రాశాను. స్ట్రక్చర్‌లో పేరుకి 20 బైట్ల అర్రే, దాని వెంటనే విభాగానికి 12 బైట్ల అర్రే ఉన్నాయి. పేరుని అర్రేలోకి కాపీ చెయ్యడానికి మొదట స్ట్ర్‌కాపీ ఫంక్షన్ వాడాను. మా సీనియర్ చూసి, "ఇది డేంజర్, అన్నిచోట్లా స్ట్ర్‌ఎన్‌కాపీ పెట్టు" అన్నారు. పెట్టాను. ఇప్పుడు పొడుగు పేర్లున్నవాళ్లకి పేరు వెనకే విభాగం అతుక్కుని ప్రింట్ అవుతోంది. ఒక స్నేహితుడు స్ట్ర్‌ఎల్‌కాపీ వాడమన్నాడు. నా ల్యాప్‌టాప్‌లో పనిచేసింది, ఆఫీసు లైనక్స్ సర్వర్‌లో ఆ ఫంక్షన్ దొరకలేదని లింకర్ ఎర్రర్ ఇచ్చింది. ఇంకొకరు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఒక్కటే చాలంటున్నారు. ఇవి చాలవన్నట్టు, స్ట్రింగ్ చివర ఇంకోటి తగిలించే స్ట్ర్‌క్యాట్‌తో లూప్‌లో 40 వేల వరుసల రిపోర్ట్ తయారుచేస్తుంటే ప్రోగ్రామ్ కదలకుండా కూర్చుంటోంది. ఏది ఎప్పుడు వాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది. కొంచెం విడమరిచి చెప్పండి.

సమాధానం: కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. స్ట్ర్‌ఎన్‌కాపీ సలహా చాలామందికి అలాగే తగులుతుంది. మీ సీనియర్‌ది మంచి ఉద్దేశమే, సందేహం లేదు. కానీ ఆ ఫంక్షన్ పుట్టింది మీ పని కోసం కాదు.

ముందు మీ ప్రోగ్రామ్‌లో ఏం జరిగిందో చూద్దాం. సీలో స్ట్రింగ్ అంటే వరుసగా ఉన్న బైట్లు, చివర ఒక సున్నా బైట్. ఆ సున్నాని నల్ అంటాం. మీ అర్రే 20 బైట్లని ప్రింట్ చేసే ఫంక్షన్‌కి తెలియదు. నల్ కనబడేదాకా చదువుతూ పోతుంది, అంతే. స్ట్ర్‌ఎన్‌కాపీకి 20 అని చెప్పి 25 అక్షరాల పేరు ఇస్తే, అది 20 అక్షరాలు నింపి ఊరుకుంటుంది. నల్ పెట్టదు. పేరు వెనకే విభాగం ఉంది కాబట్టి ప్రింట్ ఆగకుండా అందులోకి నడిచి, విభాగం చివరున్న నల్ దగ్గర ఆగుతోంది. సరిగ్గా 20 అక్షరాల పేరుకీ ఇదే గతి. 19 దాకానే క్షేమం.

ఒక చిన్న మాట. మీరు పేరు తర్వాత విభాగాన్ని కాపీ చేస్తున్నట్టయితే, స్ట్ర్‌కాపీ ఉన్న రోజుల్లోనూ మామూలుగా ఇదే కనబడాలి. పొడుగు పేరు 20 బైట్లు దాటి విభాగంలోకి పొర్లుతుంది, ఆ పొర్లినదాని మీద విభాగం వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మీరు చిన్న పేర్లతోనే పరీక్షించి ఉంటారు. అందుకే తప్పంతా కొత్త ఫంక్షన్ నెత్తిన పడింది.

స్ట్ర్‌ఎన్‌కాపీ ఇలా వింతగా ఎందుకుందో తెలిస్తే మళ్లీ మోసపోరు. తొలి రోజుల యూనిక్స్‌లో డైరెక్టరీలో ఒక్కో ఫైలు వివరానికి 16 బైట్లు. అందులో 2 బైట్లు ఐనోడ్ నంబరుకి (ఫైలుని గుర్తించే సంఖ్య), 14 బైట్లు ఫైలు పేరుకి. పేరు 14 అక్షరాలూ ఉంటే నల్‌కి చోటు అక్కర్లేదు, గడి వెడల్పు అందరికీ తెలుసు కాబట్టి. పేరు చిన్నదైతే మిగిలిన గడులన్నీ సున్నాలతో నిండాలి, పాత చెత్త మిగలకూడదు. ఈ పనికి స్ట్ర్‌ఎన్‌కాపీ అతికినట్టు సరిపోతుంది. అంటే అది స్థిరమైన వెడల్పున్న గడిని నింపే ఫంక్షన్. పేరు చూసి స్ట్ర్‌కాపీకి భద్రమైన తమ్ముడనుకుంటాం, అక్కడే బోల్తా పడతాం. సున్నాలు నింపే అలవాటు వల్ల ఖర్చు కూడా ఉంది. 4096 బైట్ల బఫర్‌లోకి (డేటా పెట్టుకునే చోటు) 5 అక్షరాల మాట కాపీ చేసినా, మిగిలిన 4091 బైట్లలోనూ సున్నాలు రాస్తుంది.

సైజుకి ఒకటి తగ్గించి ఇచ్చి, ఆఖరి బైట్‌లో మనమే నల్ పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు. పాత కోడ్‌లో అలా ఉంటే కంగారుపడి మార్చక్కర్లేదు. కొత్తగా రాసేటప్పుడు మాత్రం ప్రతిచోటా గుర్తుపెట్టుకుని రెండో వరుస రాయాల్సిన పద్ధతిని నేను నమ్మను. ఏదో ఒక రోజు మర్చిపోతాం.

ఇప్పుడు అసలు విషయం. ఏ ఫంక్షన్ అని అడిగేముందు రెండు ప్రశ్నలకి జవాబు మీ దగ్గరుండాలి. కాపీ చేరే చోట ఎన్ని బైట్లున్నాయి? అందులో పట్టకపోతే ప్రోగ్రామ్ ఏం చెయ్యాలి? మొదటిది అందరూ చెబుతారు. రెండోది చాలామంది అడగనే అడగరు. పొర్లకుండా కత్తిరించేస్తే పని అయిపోయిందనుకుంటారు.

నాకు ఈ రెండో ప్రశ్న ఒక లాగ్ ఫైలు నేర్పింది. నేను పనిచేసిన ఒక చోట ఫైలు పేరు తయారుచేసే బఫర్ 64 బైట్లు. ఫోల్డరు దారి, ప్రోగ్రామ్ పేరు, చివర తేదీ. వాడినది ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫే, ఎక్కడా పొర్లదు. ఒకసారి ఫోల్డరు దారి పొడుగైంది. తేదీ తెగిపోయింది. ప్రతిరోజూ ప్రోగ్రామ్ అదే పేరుతో ఫైలు తెరిచి, నిన్నటి లాగ్ మీద ఇవాళ్టిది రాసింది. క్రాష్ లేదు, వార్నింగ్ లేదు. పాత లాగ్ కావాల్సిన రోజు వచ్చాక గానీ ఎవరికీ తెలియలేదు. స్ట్ర్‌కాపీ అయితే కనీసం ఎక్కడో పగిలి, మాకు ముందే తెలిసేదేమో అని ఆ రోజు అనుకున్నాను. అలాగని పొర్లడం చిన్న తప్పేమీ కాదు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ని కుదిపేసిన మారిస్ వర్మ్ (తనంతట తానే పాకే ప్రోగ్రామ్) వాడిన దారుల్లో ఒకటి ఇదే. 512 బైట్ల బఫర్‌లోకి సైజు చూడకుండా గెట్స్ ఫంక్షన్ చదువుతుంటే, ఆ వర్మ్ 536 బైట్లు పంపింది. ఆ గెట్స్‌ని చివరికి 2011 సీ ప్రమాణంలో తీసేశారు.

మీ ప్రోగ్రామ్‌కి నా మొదటి ఎంపిక ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్. ఇది 1999 ప్రమాణం నుంచి ఉంది, ఇవాళ దాదాపు అన్ని కంపైలర్ల దగ్గరా దొరుకుతుంది. మీరిచ్చిన సైజు దాటి రాయదు, సైజు సున్నా కానంత వరకూ నల్ తప్పక పెడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చోటు సరిపడా ఉంటే ఎన్ని అక్షరాలు పట్టేవో తిరిగి చెబుతుంది. ఆ సంఖ్య మీ సైజుకి సమానమైనా, ఎక్కువైనా పేరు తెగిందని అర్థం. సున్నాకన్నా తక్కువైతే ఇంకేదో తప్పు. ఈ రెండు సందర్భాల్లోనూ "పేరు పట్టలేదు" అని చెప్పి ఆ రికార్డుని ఆపండి. కాపీ చెయ్యడానికీ, రెండు మూడు ముక్కలు కలపడానికీ ఇదొక్కటే సరిపోతుంది. స్ట్ర్‌కాపీ తర్వాత స్ట్ర్‌క్యాట్, మళ్లీ స్ట్ర్‌క్యాట్ అని మూడు వరుసలు రాసేచోట ఒక్క పిలుపు చాలు. ఫార్మాట్ (ఎలా రాయాలో చెప్పే నమూనా) చదివే పని ఉంటుంది కాబట్టి కాస్త నెమ్మది. పేర్లూ దార్లూ తయారుచేసే చోట ఆ తేడా మీకు కనబడదు.

దీనికీ గోతులున్నాయి. యూజర్ ఇచ్చిన స్ట్రింగ్‌ని నేరుగా ఫార్మాట్ స్థానంలో పెట్టకండి. ఇక్కడ ఒక స్ట్రింగ్ పెట్టు అనే పర్సెంట్ ఎస్ ఫార్మాట్ రాసి, యూజర్ స్ట్రింగ్‌ని దాని వెనక ఇవ్వండి. లేకపోతే ఎవరో పేరులో పర్సెంట్ గుర్తు టైప్ చేసిన రోజున మీ ప్రోగ్రామ్ లేని ఆర్గ్యుమెంట్ల కోసం వెతుకుతుంది. రెండోది, ఒకే బఫర్‌ని అటు గమ్యంగానూ ఇటు ముక్కగానూ ఇవ్వకూడదు. బఫర్ చివర ఏదో తగిలించాలని ఆ బఫర్‌నే పర్సెంట్ ఎస్‌కి మళ్లీ ఇచ్చే కోడ్ ఎన్నోచోట్ల కనబడుతుంది. ప్రమాణం ప్రకారం దాని ఫలితానికి హామీ లేదు. ఒక కంపైలర్‌లో సరిగ్గా వచ్చిందని ఇంకో చోట వస్తుందనుకోకండి.

మూడోది సైజ్‌ఆఫ్, అంటే ఎన్ని బైట్లో చెప్పేది. అర్రే ఉన్న చోటే అయితే సైజ్‌ఆఫ్ 20 చెబుతుంది. అదే అర్రేని ఇంకో ఫంక్షన్‌కి పంపితే లోపలికి వెళ్లేది పాయింటరే, అంటే అర్రే ఉన్న చోటి అడ్రసు మాత్రమే. 64 బిట్ మెషీన్ల మీద అక్కడ సైజ్‌ఆఫ్ 8 అంటుంది. అందరి పేర్లూ వింతగా 7 అక్షరాల దగ్గర తెగుతుంటే ఇంకెక్కడా వెతకక్కర్లేదు. బఫర్‌తోపాటు దాని సైజుని కూడా ఆర్గ్యుమెంట్‌గా పంపడం అలవాటు చేసుకోండి.

స్ట్ర్‌ఎల్‌కాపీ, స్ట్ర్‌ఎల్‌క్యాట్ సంగతి. మీ స్నేహితుడి సలహా తప్పేం కాదు. ఇవి 1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చాయి. రెండింటికీ బఫర్ మొత్తం సైజే ఇస్తాం, లెక్కలేసి తగ్గించే పని లేదు, తెగిందో లేదో రిటర్న్ విలువ చూస్తే తెలుస్తుంది. మాక్ మీద చాలాకాలంగా ఉన్నాయి. లైనక్స్‌లో ఎక్కువమంది వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ మాత్రం వీటిని ఏళ్ల తరబడి చేర్చుకోలేదు. 2023 ఆగస్టులో వచ్చిన 2.38 వెర్షన్‌లో చేర్చింది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణం 2024 వెర్షన్‌లోనూ ఇవి వచ్చాయి. మీ సర్వర్‌లో ఉన్న జీలిబ్‌సీ అంతకన్నా పాతది కావచ్చు, లింకర్ ఎర్రర్‌కి కారణం అదే అయ్యుంటుంది. మీ కోడ్ నడిచే అన్నిచోట్లా ఇవి ఉన్నాయని తేలితే నిశ్చింతగా వాడండి.

ఒక్క షరతు. స్ట్ర్‌ఎల్‌కాపీ సోర్స్ పొడుగుని తిరిగి చెప్పాలి కాబట్టి, సోర్స్ చివరున్న నల్ దాకా చదివి తీరుతుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చిన, చివర నల్ ఉందో లేదో తెలియని బైట్లని దానికి ఇవ్వకండి. లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) రాసేవాళ్లకి ఈ గుణం నచ్చలేదు. 2015లో స్ట్ర్‌ఎస్‌కాపీ అని సొంతది రాసుకుని, మెల్లమెల్లగా మార్చుకుంటూ వచ్చి, 2024లో స్ట్ర్‌ఎల్‌కాపీని కెర్నల్ నుంచి పూర్తిగా తీసేశారు. స్ట్ర్‌ఎస్‌కాపీ కెర్నల్ లోపలిది, మామూలు ప్రోగ్రాముల్లో దొరకదు. 2011 ప్రమాణంలో అనుబంధంగా వచ్చిన, పేరు చివర అండర్‌స్కోర్ ఎస్ ఉన్న ఫంక్షన్లు కూడా మీకు తారసపడతాయి. అవి ఐచ్ఛికం, జీలిబ్‌సీలో లేవు, మీకు అక్కర్లేదు.

స్ట్ర్‌ఎన్‌క్యాట్ గురించి ఒక హెచ్చరిక, ఎందుకంటే స్ట్ర్‌ఎన్‌కాపీ చూసి కాలిన చెయ్యి దీని దగ్గర మళ్లీ కాలుతుంది. దీనికి ఇచ్చే సంఖ్య బఫర్ సైజు కాదు, కొత్తగా తగిలించాల్సిన అక్షరాల గరిష్ఠ సంఖ్య. ఆపైన నల్ కోసం ఇంకో బైట్ వాడుతుంది. అంటే మొత్తం సైజులోంచి ఇప్పటికే ఉన్న పొడుగు తీసి, ఇంకొకటి తీసి ఇవ్వాలి. అక్కడ నేరుగా సైజ్‌ఆఫ్ పెట్టిన కోడ్ కనబడితే అది పొర్లడానికి సిద్ధంగా ఉన్నట్టే.

మీ రిపోర్ట్ లూప్ కూర్చోవడానికి కారణం వేరే. స్ట్ర్‌క్యాట్‌కి బఫర్ ఎంత నిండిందో గుర్తుండదు. పిలిచిన ప్రతిసారీ మొదటి బైట్ నుంచి మొదలుపెట్టి, నల్ కోసం వెతుక్కుంటూ వెళ్లి, అక్కడ కొత్త వరుస తగిలిస్తుంది. ఒక్కో వరుస 50 బైట్లనుకుందాం. 40 వేల వరుసలకి మొత్తం 20 లక్షల బైట్లు. నిజంగా కాపీ కావాల్సింది అంతే. కానీ వెతకడానికి ప్రతిసారీ సగటున 10 లక్షల బైట్లు నడవాలి, అలా 40 వేల సార్లు. లెక్కేస్తే 4000 కోట్ల బైట్లు. మీ మెషీన్ సోమరి కాదు పాపం, మీరు పెట్టిన పని అంతుంది. ఇలాంటిది పెద్దవాళ్లకీ తప్పలేదు. జీటీఏ ఆన్‌లైన్ గేమ్ లోడ్ అవడానికి నిమిషాలు పట్టేది. 2021లో ఒక ప్రోగ్రామర్ లోపల తొంగిచూస్తే, సుమారు 10 ఎంబీల టెక్స్ట్‌ని ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో ముక్కలుగా చదువుతున్నారు, ఆ ఫంక్షన్ ప్రతి ముక్కకీ మిగిలిన టెక్స్ట్ మొత్తం పొడుగుని స్ట్ర్‌లెన్‌తో కొలుస్తోంది. దాంతోపాటు ఇంకో తప్పునీ సరిచేస్తే లోడింగ్ సమయం సుమారు 70 శాతం తగ్గింది.

మీరు చెయ్యాల్సింది చిన్నదే. ఎంత నిండిందో ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. కొత్త వరుసని ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో రాసేటప్పుడు గమ్యంగా బఫర్‌కి ఆ సంఖ్య కలిపిన చోటు ఇవ్వండి, సైజుగా మొత్తంలోంచి ఆ సంఖ్య తీసి ఇవ్వండి. రిటర్న్ విలువని నిండినదానికి కలిపేముందు చూడాలి, ఇక్కడ తొందర పనికిరాదు. అది రాసినన్ని చెప్పదు, పట్టాల్సినన్ని చెబుతుంది. గుడ్డిగా కలుపుతూ పోతే నిండిన సంఖ్య మొత్తాన్ని దాటిపోతుంది. తర్వాతి తీసివేత మైనస్ సంఖ్యలు లేని సైజ్ టీ రకంలో జరుగుతుంది కాబట్టి మైనస్ రాదు, బ్రహ్మాండమైన పెద్ద సంఖ్య వస్తుంది. అప్పుడు బఫర్ బయట బోలెడంత చోటుందని ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ నమ్మి రాసేస్తుంది. మిగిలిన చోటు కన్నా రిటర్న్ విలువ ఎక్కువైనా సమానమైనా లూప్ ఆపండి, లేదా బఫర్ పెంచండి. ఇంకో ప్రశ్న: ఆ రిపోర్ట్ చివరికి ఫైల్లోకే వెళుతుందా? అయితే మెమరీలో కుప్ప పోయడం దేనికి? ఒక్కో వరుసా ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో నేరుగా ఫైల్లోకి రాసెయ్యండి. నేనైతే అదే చేస్తాను.

పొడుగు ముందే కొలిచి చేతిలో ఉన్నప్పుడు చెప్పినన్ని బైట్లు కాపీ చేసే మెమ్‌కాపీ హాయి. రెండు స్ట్రింగులు కలిపి కొత్తది చెయ్యాలంటే రెండింటినీ స్ట్ర్‌లెన్‌తో ఒక్కసారి కొలిచి, మొత్తానికి ఒకటి కలిపి మాల్లాక్‌తో అంత మెమరీ అడగండి. ఆ ఒకటి నల్‌కి. మాల్లాక్ ఇచ్చిందో లేదో చూసి, మొదటిది మెమ్‌కాపీ చేసి, రెండోదాన్ని నల్‌తో సహా దాని వెనక మెమ్‌కాపీ చెయ్యండి. ఇక్కడ తెగడం అన్న మాటే లేదు. సోర్స్, గమ్యం ఒకదాని మీద ఒకటి పడే అవకాశముంటే మెమ్‌మూవ్ వాడాలి. ఒక్క స్ట్రింగ్ నకలే కావాలంటే స్ట్ర్‌డప్ ఉంది. వాడుకున్నాక ఫ్రీ చెయ్యడం మర్చిపోకండి.

మరి స్ట్ర్‌కాపీ? అది నిషిద్ధమేమీ కాదు. పొడుగు కొలిచి అంతకు సరిపడా మెమరీ తీసుకున్న వెంటనే, లేదా చిన్న స్థిరమైన మాటని పెద్ద అర్రేలో పెట్టేటప్పుడు స్ట్ర్‌కాపీ వాడితే నాకు అభ్యంతరం లేదు. పట్టుతుందని పక్క వరుస చూసే తెలియాలి. మూడు ఫైళ్లు తిరిగి చూస్తేగానీ తెలియదంటే వాడకండి. స్ట్ర్‌క్యాట్‌కి ఇంకో షరతు: గమ్యంలో అప్పటికే సరైన స్ట్రింగ్ ఉండాలి. ఇప్పుడే ప్రకటించిన లోకల్ అర్రేలో చెత్త ఉంటుంది. మొదటి బైట్‌ని సున్నా చేశాకే తగిలించాలి.

మీరు అడగలేదు గానీ, పేర్లని ఎప్పుడైనా తెలుగులో ఎక్కిస్తారనుకుంటున్నాను. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకి వేరే 3, పొల్లుకి ఇంకో 3. "వెంకటేశ్వర్లు" అనే పేరుకి 39 బైట్లు, నల్‌తో 40. మీ 20 బైట్ల అర్రేలో ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ 19 బైట్లు పెడుతుంది. అందులో "వెంకటే"కి 18 పోగా, శ అక్షరంలోని మొదటి బైట్ ఒంటరిగా మిగిలి తెర మీద ప్రశ్నార్థకంగానో పెట్టెగానో కనబడుతుంది. ఇప్పటిదాకా చెప్పుకున్న ఫంక్షన్లలో ఏదీ అక్షరాలు చూడదు, అన్నీ బైట్లే చూస్తాయి. చివర తెగిన బైట్లని వెనక్కి తీసెయ్యొచ్చు, కానీ సగం పేరుతో రికార్డు దాచి ఏం లాభం? పేరు అర్రేని 128 చెయ్యండి. అదీ దాటితే పట్టలేదని చెప్పండి.

కంపైల్ చేసేటప్పుడు వాల్ (-Wall) వార్నింగులు ఆన్‌లో ఉంచండి. జీసీసీ కంపైలర్ 8వ వెర్షన్ నుంచి, నల్ లేకుండా తెగే స్ట్ర్‌ఎన్‌కాపీని కంపైలర్ చాలాసార్లు తనే పట్టిస్తుంది. మెమరీ తప్పుల్ని పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి కూడా ఒకసారి నడపండి. ఒక మెలిక గుర్తుంచుకోండి: మీ పేరూ విభాగమూ ఒకే స్ట్రక్చర్‌లో ఉన్నాయి కాబట్టి ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జరిగే పొర్లడాన్ని శానిటైజర్ తరచూ పట్టుకోదు. అందుకని అర్రేని పెంచేముందు ఇప్పుడున్న 20 బైట్లతోనే 19, 20, 21 అక్షరాల ఇంగ్లీషు పేర్లు మూడూ ఇచ్చి చూడండి. మొదటిది పూర్తిగా ప్రింట్ కావాలి, మిగతా రెండింటికీ మీరు రాసిన "పట్టలేదు" సందేశం రావాలి. విభాగంలో ఒక్క అక్షరం కూడా మారకూడదు.